మేకలు ముట్టని ఆకు

ఒక వీధికి వీధినే చంపేశాననుకుని ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా మోటారుసైకిలు మీద ఏడుస్తూ పోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఆ మహానుభావుణ్ణి నేనే. ఆ వీధి మా అత్తగారిది. బండి వెనక సీటులో కూర్చున్నది మా ఆవిడ. ఇక మిగతా పరిస్థితి మీరే ఊహించుకోవచ్చు, కానీ ఊహకు వదిలేస్తే తక్కువ ఊహిస్తారేమోనని భయపడి నేనే చెబుతున్నాను.

మాకు పెళ్ళయిన మొదటి చలికాలం అది. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో లెక్కలు చూసే పని నాది. చలికాలమంటే మా మిల్లుకు పండగ కాలం. ట్రాక్టర్ల నిండా పత్తి వస్తుంది, మిషన్లు ఆగవు, గాలిలో సగం గాలి, సగం దూది. ఆఫీసులో కూర్చున్నా సాయంత్రానికి నా మీసాలు తాతగారి మీసాల్లా తెల్లబడేవి. దగ్గు సరేసరి. ఆ దగ్గుకు మందు వెతుకుతూ ఫోను చూస్తుంటే ఒక గడ్డం ఆయన ప్రత్యక్షమయ్యాడు. వెనకాల అడవి, సన్నటి వేణునాదం.

"చలికాలంలో మీ శరీరంలోని అగ్నిని మేల్కొలపండి," అన్నాడు. "మొక్క దగ్గరికి వెళ్ళండి. మొక్కతో మాట్లాడండి. మీరు ప్రకృతిని మరిచిపోయారు. ప్రకృతి మాత్రం మిమ్మల్ని మరిచిపోలేదు."

ఇది లోకంలో అందరికీ చెప్పిన మాట అని మీకు తెలుసు. నాకు మాత్రం నన్ను పేరుపెట్టి పిలిచి తిట్టినట్టు అనిపించింది. మిల్లులో దూది, ఇంట్లో టీవీ, మధ్యలో బండి పొగ. నిజమే కదా, నేను ఒక ఆకును చేత్తో ముట్టుకుని ఎన్నాళ్ళయిందో! కరివేపాకును లెక్కలోకి తీసుకోకండి, దాన్ని ముట్టుకునేది తీసి పారేయడానికే.

ఆ ఆదివారం పొద్దున్నే మంకీ టోపీ పెట్టుకుని ఆదోని కొండెక్కాను. గడ్డం ఆయన చెప్పులు లేకుండా నడవమన్నాడు. విప్పాను. పల్లేరు ముల్లు దిగింది. తొడుక్కున్నాను. ఆ తర్వాత ఒక బండరాయి చాటున కనిపించిందండీ ఆ మొక్క. మోకాలెత్తు ఉంది, పక్కనే అలాంటివే ఇంకొన్ని. ఆకులు అచ్చం తులసాకుల్లా ఉన్నాయి, కాకపోతే కొంచెం బొద్దుగా, కొంచెం నూగుగా. నలిపి వాసన చూస్తే ముక్కు నుంచి నడినెత్తి దాకా ఒక్క ఊపు ఊపింది. గడ్డం ఆయన చూపించిన కొండ తులసి ఇదే అని నాకు నేనే తీర్పు ఇచ్చేసుకున్నాను. కోసేముందు మొక్కను అనుమతి అడగమని కూడా ఆయన చెప్పాడు కాబట్టి చేతులు జోడించి, "అమ్మా, నీ ఆకులు తీసుకోనా?" అన్నాను. అది ఏమీ అనలేదు. ఒప్పుకుందనుకున్నాను. ఒక సంచీడు కోసుకొచ్చాను.

ఆకుల్ని మిద్దె మీద ఎండబెట్టి, శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, దాల్చినచెక్క కలిపి మా ఆవిడ మిక్సీలో పొడి కొట్టాను. మా ఆవిడ పేరు రాజేశ్వరి, రాజీ అంటాం. ఆ తర్వాత ఆ మిక్సీలో చేసిన ప్రతి పచ్చడీ దగ్గుమందులా ఉండేదని ఆమె ఇప్పటికీ అంటుంది. పొడిని వేడినీళ్ళలో మరిగించి, బెల్లం వేసి గ్లాసు ఆమె చేతికిచ్చాను.

వాసన చూసింది. గ్లాసు కింద పెట్టింది.

"ముందు మీరు తాగండి."

"నాది వేడి శరీరం రాజీ. ఆవకాయ ముద్ద తింటేనే నోరు పూస్తుంది. ఇది చల్లటి శరీరాలకు."

"నాది గూడా వేడి శరీరమే," అంది రాజీ. నా వైపు చూసిన చూపు అది నిజమేనని చెప్పింది.

ఇంట్లో ఉన్న ఇద్దరివీ వేడి శరీరాలే అయినప్పుడు చల్లటి శరీరం కోసం బయట వెతకాలి కదా? ఎమ్మిగనూరులో మా మామ వీరభద్రప్ప ఉన్నాడు. ఆయన చేనేత మనిషి. ఇంట్లోనే మగ్గం. చలికాలం వచ్చిందంటే ఆయాసం. పొద్దున్నే మగ్గం మీద కూర్చుని నాలుగు సార్లు దారపు నాడె అటూ ఇటూ ఆడిస్తే చాలు, ఎగశ్వాస. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన అప్పటికింకా నాతో నేరుగా మాట్లాడడం మొదలుపెట్టలేదు. నేను ఎదురుగా కూర్చుని ఉండగానే, "రాజీ, మీ ఆయన అన్నం తింటాడేమో అడుగు," అనేవాడు. లెక్కలు రాసుకునేవాడికి పిల్లనిచ్చి తప్పు చేశానేమోనన్న అనుమానం ఆయనకు తీరలేదని నా అనుమానం. ఈ పొడితో ఆయన ఆయాసమూ, నా అవమానమూ రెండూ తగ్గిపోతాయని లెక్క వేశాను. ఆ పై ఆదివారం పాత బిస్కెట్ల డబ్బా నిండా పోసి, రాజీతో కలిసి తీసుకెళ్ళి మా అత్త గంగమ్మ చేతిలో పెట్టాను.

"కొండ తులసి అత్తా. నా చేత్తో కోసి, నా చేత్తో చేసినా. మామకు పొద్దునా సాయంత్రం ఇయ్యి."

అత్త మూత తీసింది. మళ్ళీ గభాలున పెట్టేసింది. "అట్లే అప్పా," అంది. లోపల మగ్గం టకటక ఆగింది. "రాజీ, అదేందో అడుగు," అన్న గొంతు వినిపించింది.

మరుసటి ఆదివారం ఇంకో సంచీ పట్టుకుని మళ్ళీ కొండెక్కాను. ఈసారి అక్కడ ఒక ముసలాయన మేకలు కాస్తున్నాడు. పేరు ఈరన్నట. మేకలు కొండనంతా దువ్వేస్తున్నాయి. ముళ్ళు తింటున్నాయి, ఎండిన గడ్డి తింటున్నాయి, ఒకటైతే ఎవరో పారేసిన సిమెంటు సంచీ అంచు నములుతోంది. నా మొక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతి మేకా ముక్కు చీదుకుని పక్కకు తప్పుకుని పోతోంది. అంత కొరుకుడు మధ్య నా మొక్కలు మాత్రం మేక కొరికిన ఆకు ఒక్కటైనా లేకుండా నిలబడి ఉన్నాయి. నేను వంగి కోయడం మొదలుపెట్టాను.

"ఏం సార్, ఏం కోస్తాండావు?" అన్నాడు ఈరన్న.

"కొండ తులసి తాతా. కషాయానికి."

"అది మేకలు ముట్టవే."

"ఎందుకు ముట్టవు?"

"నాకేం తెలుసు? అవి సెప్తాయా?"

"విషమా ఏంది?"

"ఏమో సార్. నేనెప్పుడూ తిని సూల్యా." ఆయన బీడీ వెలిగించుకుని, తాపీగా అడిగాడు, "ఎవరికన్నా ఇచ్చినావా?"

నాకు చలికాలంలో చెమట పట్టింది. అక్కడే రాతి మీద కూలబడి ఫోనులో 'మేకలు తినని మొక్కలు' అని వెతికాను. ఫోను ఎప్పుడైనా మనిషికి ధైర్యం చెప్పిందా? ఒకటి గుండెను ఆపుతుందట. ఒకటి కాలేయాన్ని మెల్లమెల్లగా, పైకి ఏమీ తెలియకుండా తినేస్తుందట. వారం రోజులు తాగినా ఏమీ కాలేదంటే మంచిదే కదా అని మీరు అనుకుంటున్నారు. నేనూ ఒక్క క్షణం అలాగే అనుకున్నాను. ఆ 'మెల్లమెల్లగా' అన్న మాట చూసేదాకా. ఆకు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ప్రతి విషపు మొక్కా నా మొక్కలాగే కనిపించింది. కాసేపటికి నా చేతిలోని సంచీ కూడా విషపు మొక్కలాగే కనిపించింది.

మామకు ఫోను చేశాను. ఎత్తాడు. వెనకాల మగ్గం మోత.

"మామా, నేను! ఆ పొడి!"

"ఎవురూ?"

"మీ అల్లుణ్ణి మామా! ఆ పొడి తాగొద్దు! తాగొద్దు!"

"తగ్గిందప్పా! బాగా తగ్గింది!"

"తగ్గడం కాదు మామా, తాగొద్దంటున్నా!"

"ఆఁ, అందరికీ తగ్గింది! వీధంతా తాగుతాండారు! పొద్దున్నించీ మనుషులు వస్తానే ఉండారు!"

ఫోను పెట్టేశాడు. జీవితంలో మొదటిసారి మా మామ నాతో నేరుగా మాట్లాడిన మాటలు ఇవి. సంతోషించే వీలు లేకుండా పోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అత్త ఫోను స్విచాఫ్.

'వీధంతా.' ఆ ఒక్క మాట నా తలలో మిల్లు మిషనులా తిరగసాగింది. నేను ఒక్క మామ సంగతి తలుచుకునే చస్తుంటే ఆయన నా విషాన్ని పంచిపెడుతున్నాడు! కొండ దిగడం గుర్తులేదు. ఇంటికొచ్చి రాజీకి చెప్పాను. చెప్పానంటే, సగం చెప్పాను, మిగతా సగం చెప్పే పని ఆకుకే వదిలేశాను. ఆకు ఆమె చేతిలో పెట్టాను.

"దీన్ని తులసి అని ఎవురు సెప్పినారు మీకు?"

"ఫోన్లో..."

"ఫోన్లో ఆయన ఈ ఆకునే సూపిచ్చినాడా?"

"ఇట్లాంటిదే..."

రాజీ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చెప్పులు వేసుకుంది, తలుపుకు తాళం వేసింది, బండి వెనకాల కూర్చుంది. అరిచి ఉంటే బాగుండేది. ఎమ్మిగనూరు రోడ్డు మీద పత్తి ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి ఏనుగుల్లా ఊగుతూ వస్తున్నాయి. వాటిని తప్పించుకుంటూ నేను వెనక్కి తిరిగి, "ఏమీ కాదులే రాజీ," అన్నప్పుడల్లా ఆమె నా తలను మళ్ళీ రోడ్డు వైపు తిప్పేసేది. చాలా దూరం పోయాక ఒక్క మాట అంది.

"మా నాయనకు ఏమన్నా అయితే..."

వాక్యం పూర్తి చేయలేదు. నేను కూడా పూర్తి చేయమని అడగలేదు. దూది పడిందో ఏమో, కళ్ళు మసకబారాయి. మిల్లు మనిషిని కాబట్టి దూది అని చెప్పే హక్కు నాకుంది.

వీధి మలుపు తిరిగాం. మా అత్తగారి ఇంటి ముందు జనం.

ఇంటి ముందు జనం ఎప్పుడు గుమిగూడతారో మీకు తెలుసు. నాకూ తెలుసు. బండి నా కాళ్ళ మధ్య నుంచి దానంతట అదే పక్కకు ఒరిగింది. రాజీ దిగి, "నాయనా!" అని ఒక్క కేక పెట్టి పరిగెత్తింది.

జనం మధ్య నుంచి మా మామ లేచి నిలబడ్డాడు. నిక్షేపంగా ఉన్నాడు. ఒక చేతిలో గరిటె, ముందు గిన్నెలో పొగలు కక్కుతున్న కషాయం. చుట్టూ గ్లాసులు, చెంబులు పట్టుకున్న మనుషులు.

"ఏందే రాజీ, అట్ల అరుస్తావు? రాప్పా, రా! ఇదిగో, సెప్తాంటినే, మా అల్లుడు ఈయనే! కొండెక్కి ఏరి తెచ్చినాడు!"

జనమంతా నా వైపు తిరిగి చేతులెత్తి దండం పెట్టారు. నేను చేసిన పాపానికి నాకు దండాలు! నేను మాట్లాడబోయేంతలో పరుపులు కుట్టే మస్తానన్న వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయనది ఎదురిల్లు.

"నీ చెయ్యి సల్లగుండ అప్పా! నిన్న తాగినా. ఒళ్ళంతా చెమట్లు పట్టినాయి."

"చెమట్లా?" అన్నాను. ఫోనులో మొదటి లక్షణం అదే. "ఇంకేమైంది?"

"గుండె కాడ వేడిగా అయింది."

"గుండె కాడా!"

"ఆ తర్వాత పండుకుంటే ఏమీ తెలీలా. పిలిచినా పలకలేదంట నేను."

ఆయన మాత్రం నవ్వుతూ చెబుతున్నాడు, ఇన్నేళ్ళలో అంత హాయిగా నిద్రపోలేదని. ఆయన హాయి అనేది నాకు అపస్మారకం అని వినిపించింది. ఒకామె కఫమంతా బయటికి వచ్చేసిందంటే లోపలి అవయవాలు వచ్చేసినట్టు వినిపించింది. అందరి కళ్ళూ పచ్చగా ఉన్నాయా అని దగ్గరికి పోయి చూడసాగాను. మస్తానన్న కళ్ళను అంత దగ్గరగా ఆయన భార్య కూడా చూసి ఉండదు.

"ఇంకా ఎవరెవరికి ఇచ్చినారు మామా?"

"అందరికీ ఇచ్చినా. పక్కింటి రేణుకమ్మకు గూడా పొద్దున పంపినా. పచ్చి బాలింత, మంచిది గదా."

బాలింత! పక్కింటికి పరిగెత్తాను. గడపలో రేణుకమ్మ తల్లి కూర్చుని ఉంది.

"అమ్మా, రేణుకమ్మ యాడ?"

"నిద్రపోతాంది."

"ఎప్పటినుంచి?"

"కషాయం తాగినప్పటినుంచి. గట్టిగా మాట్లాడొద్దు అప్పా."

"లేపండమ్మా! వెంటనే లేపండి! శ్వాస ఆడుతోందా చూడండి!"

"నీకేమన్నా పిచ్చా? బిడ్డ ఏడుపుకు రాత్రిళ్ళు కన్ను మూయల్యా అది. ఇప్పుడే మూసింది."

"మూసిందనొద్దమ్మా!" అని నేను పెట్టిన కేకకు లోపల బిడ్డ లేచి గుక్కపట్టింది. బిడ్డ కేకకు రేణుకమ్మ లేచింది. లేచి, "ఎవురమ్మా ఆ దొంగ సచ్చినోడు?" అంది. ఎంత స్పష్టమైన గొంతు, ఎంత ఆరోగ్యమైన తిట్టు! ఆమెకు మనసులోనే దండం పెట్టి వెనక్కి వచ్చాను.

ఇక దాచి లాభం లేదు. ఇప్పుడు అందరూ బాగానే ఉన్నారు, కానీ లోపల మెల్లమెల్లగా ఏం జరుగుతోందో ఎవరికి తెలుసు? మామ గరిటె ముంచి ఇంకో గ్లాసు నింపుతున్నాడు. పోయి గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాను. చెయ్యి కాలింది. తీయలేదు.

"ఎవరూ తాగొద్దు," అన్నాను. "నేను కోసుకొచ్చింది ఏ ఆకో నాకు తెలియదు. తులసి అనుకున్నాను. మేకలు కూడా ముట్టవట. విషమేమో. అందరూ నాతో ఆసుపత్రికి రండి. ఏమన్నా అయితే నన్నేమన్నా చేయండి."

నోటి దాకా వెళ్ళిన గ్లాసులన్నీ అక్కడే ఆగాయి. మగ్గాలు కూడా ఆగినట్టు అనిపించింది. మా మామ నా ముఖం చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"రాజీ, మీ ఆయన ఏమంటాండాడో ఇంగొగసారి అడుగు."

మళ్ళీ మొదటికొచ్చాం.

అంతలో, ఇప్పటిదాకా నన్ను దీవించిన మస్తానన్న పొట్ట పట్టుకున్నాడు. "అందుకేనేమో, కడుపులో తిప్పుతాంది," అన్నాడు. కఫం వచ్చేసినామె గోడకు ఆనుకుని జారిపోయింది. ఇంకొకాయన నాలుక బయటపెట్టి, "నల్లబడిందా సూడు," అని పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు చూడలేదు, తన నాలుక చూసుకునే పనిలో ఉన్నాడు. ఇంకా తాగనివాళ్ళు కూడా కొందరు కూలబడ్డారు. "ఆటో పిలవండప్పా!" అని ఎవరో, "ఉప్పునీళ్ళు తాపండి!" అని ఎవరో. రాజీ వాళ్ళ నాయన వీపు రాస్తూ ఏడుస్తోంది. ఆయనకు నిజంగానే ఆయాసం మొదలైంది. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఆయన అరిపాదాలు రుద్దుతున్నాను. ఎందుకు రుద్దుతున్నానో నాకు తెలియదు. సినిమాల్లో రుద్దుతారు. ఆ నిమిషంలో మాత్రం, నవ్వకండి, నిజంగా ఏడ్చాను.

"ఏందీ గోల?"

వంటింట్లోంచి మా అత్త గంగమ్మ వచ్చింది. చేతులకు పిండి. పీటల మీద, అరుగుల మీద పడిపోయిన వీధిని చూసింది. ఏడుస్తున్న కూతుర్ని చూసింది. మొగుడి కాళ్ళు పట్టుకున్న అల్లుణ్ణి చూసింది. సంగతి రాజీ చెప్పింది. అత్త విని, కొంగుతో నోరు మూసుకుని, నేల చూపులు చూసింది.

"ఆ కషాయంలో మీ పొడి ల్యా అప్పా," అంది మెల్లగా.

"ఏమి?"

"మీరు తెచ్చినదాని మూత తీస్తానే నాకు కడుపులో తిప్పె. ఈయన అసలే ఎగశ్వాస మనిషి, అది తాపితే యాడ పోతాడో అని భయమాయె. మీరేమో అంత ఇష్టంగా తెచ్చిస్తిరి. పారేసినా అంటే నొచ్చుకుంటారని, ఆ డబ్బాలోనే మా అమ్మ చేసే శొంఠి పొడి పోసి పెట్టినా. అదీ వీళ్ళంతా తాగింది."

మస్తానన్న పొట్ట మీది చెయ్యి తీశాడు. గోడకు జారినామె లేచి చీర సర్దుకుంది. నాలుకలన్నీ లోపలికి పోయాయి. మా మామ ఆయాసం ఆపి, "అంటే ఈయన మందు కాదా?" అన్నాడు. ఆ గొంతులో బతికిన సంతోషం కంటే, వారం రోజులుగా వీధంతటి ముందు నన్ను పొగిడినందుకు బాధ ఎక్కువ వినిపించింది.

నాకు మాత్రం పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అయినా ఒక చిన్న భయం మిగిలిపోయింది. ఆ విషం ఇంట్లోనే ఎక్కడో ఉంది కదా!

"మరి నా పొడి ఏం చేశావత్తా? ఎవరన్నా ముట్టుకుంటారేమో!"

అత్త ఇంకా సిగ్గుపడింది.

"వాసన గట్టిగా ఉండె గదా అప్పా, ఊరికే పారేయడమెందుకని నిప్పుల మీద ఏసి దోమలకు పొగ పెట్టినా."

"పెడితే?"

చెప్పాలా వద్దా అని ఆమె ఒకసారి కూతురి వైపు చూసింది. తర్వాత నా మీద జాలితో చెప్పింది.

"ఒక్క దోమ గూడా సావల్యా."

మొదట నవ్వింది రాజీ. కళ్ళనీళ్ళు ఇంకా ఆరలేదు, అలాగే నవ్వింది. తర్వాత మస్తానన్న. తర్వాత వీధంతా. మా మామ ఎగశ్వాస వచ్చేదాకా నవ్వి, మిగిలిన కషాయం తనే గ్లాసులో పోసుకుని తాగాడు.

ఆ రోజు మా అత్తగారి గడప మీద నిలబడి, వీధి సాక్షిగా, కాలిన కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాను: మనిషి నోట్లోకి పోయేది ఏదీ ఈ జన్మలో నా చేతుల మీదుగా తయారు కాదు, కాబోదు. ఆ వ్రతాన్ని నేటిదాకా ఎంత నిష్ఠగా పాటిస్తున్నానంటే, ఇంట్లో టీ కూడా పెట్టను. గిన్నెలు కూడా తోమను, వాటిలోనూ వండుతారు కదా. లోకక్షేమం కోసం ఇంతటి త్యాగం చేస్తున్నా, మా ఆవిడ మాత్రం దీన్ని బద్ధకం అంటోంది.